తాత చేపలు

తమ్ముడు ప్రతాప్‌కు అక్క దీవెనలు.

ఫోన్లో చెబితే పక్కనున్న మహిత వింటుందని ఈ చీటీ రాస్తున్నాను. దాని డెంగీ జ్వరం దిగింది. ఎల్లుండి ఇంటికి పంపుతామన్నారు. ఆసుపత్రి కిటికీలోంచి చూస్తే తిరుమల కొండ మబ్బులో తేలుతున్నట్టుంది. జ్వరంలో పిల్ల కళ్లు మూసుకునే నవ్వేది. "అమ్మా, తాత చేపలు నా సుట్టూ ఈదతా ఉండాయి" అనేది. నాకు కునుకు పడితే గదంతా పచ్చటి నీళ్లే.

పెరటి తొట్టిలోకి నాయన ఏటా చెరువు నుంచి చేపపిల్లల్ని తెచ్చి వదిలేవాడు కదా. ఊళ్లో జ్వరాలని భయపడి, పోయిన నెల ఆ తొట్టికి బ్లీచింగ్ వేసి పాచంతా గీకేశాను. తేలిన చేపల్ని మల్లెచెట్టు కింద పూడ్చాను. మీ బావకు కూడా చెప్పలేదు. పది రోజులకే ఆ తేటనీళ్లలో దోమపురుగులు తోకలాడించాయి.

"చేపలుండింటే వాటిని తినేసేటివి గదమ్మా" అంది ఇక్కడి నర్సు.

మేము వచ్చేలోగా ఒక బిందెడు చేపపిల్లల్ని తెచ్చి తొట్టిలో వదలరా. మొన్న నువ్వు తెచ్చిన బొరుగుల్లో సగం మహిత తినకుండా దిండు కింద దాచింది, తాత చేపలకట. దానికి నేనింకా చెప్పలేదు.

మీ అక్క