మాంత్రికుడి అంగీ ఆరేశాను

ఏవండీ, కూర పొయ్యి మీదుంది, వేడి చేసుకోండి. మీ మాంత్రికుడి అంగీ ఉతికి ఆరేశాను. ఇస్త్రీ పెట్టకండి, వెండి చుక్కలు ఊడిపోతాయి.

టీవీవాళ్ళు మీ సీరియల్ ఆపేశారని అత్తయ్యకి పొద్దున చెప్పాను. ఆకాశనౌక నడిపే పిల్లని మీరు రాతిలో బంధించిన దగ్గరే కథ ఆగిపోయింది కదా! "నా కొడుకు వల్ల ఆ పిల్ల అట్లాగే ఉండిపోవాలా?" అంటూ ఆవిడ టీ కూడా ముట్టలేదు. మీరేమో వేషం పోయిందని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇద్దరితో ఎలా వేగను?

లేచి ఆ అంగీ వేసుకుని, ఆవిడ ముందు మంత్రం చదివి పిల్లని విడిపించండి. గొంతు మాత్రం టీవీలో లాగే ఉండాలి.

మర్చిపోయా, సాయంత్రం నేనొచ్చాక ఇంకోసారి చదవండి. అప్పుడు రాయిలా నేను నిలబడతాను, విడిపిద్దురుగాని.