గంగమణికి మూడో నెల

అవ్వా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు, అయినా నీకు దండం పెట్టాలని రాస్తున్న. ఇయ్యాల బోధన్‌ల దవాఖాన నర్సమ్మ నీ కోడలు కడుపు పట్టి చూసి, మూడో నెల అన్నది.

కాన్పుల నడుమ ఎడం కోసం పెట్టే లూపు గురించి కరపత్రాలు చదివి ఎడపల్లి అంతా ఉపన్యాసాలిచ్చినోణ్ని నేనే. తొలి కాన్పుల రక్తం పోయి గంగమణి సగమైతే, ఆమెకు లూపు పెట్టిద్దామన్నది మాత్రం నువ్వు. నేను భగ్గుమన్న. "మనింట్ల వద్దు. మళ్ల పిల్లలు కాకపోతే?"

"ఊరోళ్ల పెండ్లాలకు మంచిదైంది, నీ పెండ్లానికి చెడ్డదైందా కొడుకా?" అని నువ్వు బండి కట్టించినవ్.

నువ్వు పోయినంక, బిడ్డకు మూడేండ్లు నిండినయని లూపు తీయించినం. నాలుగు నెలలైనా నెల తప్పలేదని నేను నర్సమ్మ మీదికి కొట్లాటకు పోయిన. ఆమె నవ్వింది. "చెరుకు నాటిన తెల్లారే నరుకుతవా తమ్మీ? కొందరికి జల్దినే అయితది, కొందరికి యాడాది పడ్తది. ఓపిక పట్టు."

ఇయ్యాల నర్సమ్మ చూసినంక మేం మందులకు కూసుంటే, వరుసల కూసున్న ఆడోళ్లు లూపు పెడితే గొడ్రాళ్లైతరని గుసగుసలాడిన్రు. నేను కోపంతో లేవబోయిన. గంగమణి నా చెయ్యి గుంజి కూసోబెట్టి, వాళ్ల దిక్కు తిరిగింది.

"మా అత్త పెట్టించింది నాకు. మూడేండ్లు పానం కూడదీసుకున్న. ఇగో, ఇప్పుడు మళ్ల కడుపుతోని ఉన్న."

నా ఉపన్యాసాలకు ఒక్కరు కదల్లేదు అవ్వా. ఆమె మాటకు ఇద్దరు జరిగొచ్చి పక్కన కూసున్నరు.

నీ కొడుకు