మాటామంతీకి మేడగది

కోర్టులో ముప్ఫై నాలుగేళ్లు టైపిస్టుగా పనిచేసి రిటైరైన నేను, అందరూ ఇప్పటికీ టైపిస్టుగారనే పిలిచే నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, బీపీ తప్ప వేరే జబ్బు లేకుండా, బుద్ధి నిలకడగా ఉండగా, ఒకరి మాట విని కాక, ఒకరికి జడిసీ కాక, నా ఇష్టప్రకారం నా చేతులతో టైపు చేసుకుంటున్న మరణశాసనం ఇది. ఇతరుల వీలునామాలు లెక్కలేనన్ని కొట్టాను. వాటిలో కోపంతో రాయించినవే ఎక్కువ. ఇది ఆ బాపతు కాదని ముందే మనవి.

1. నాలుగేళ్ల కిందట నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అందులో "నా తమ్ముడికి నా ఆస్తిలో గుండుసూది కూడా చెందరాదు" అనే వాక్యం ఉంది. అచ్చుతప్పు ఒక్కటీ లేని కాగితం. తప్పల్లా ఆ వాక్యమే.

2. కింది అంతస్తు ఇల్లు, అందులోని సామాను (నాలుగు, ఐదు అంశాల్లో చెప్పినవి మినహా) నా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో సంక్రమించాలి. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత కూడా ఆమెదే. చిన్నప్పటి నుంచీ నా తప్పులు నా మొహానే చెప్పే మనిషి. అంతకన్నా మంచి అమలుదారు నాకు దొరకదు.

3. నా భార్య టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మేడగది, బయటి మెట్లతో సహా, "మాటామంతీ" అనే రిజిస్టరైన సంఘానికి శాశ్వతంగా చెందాలి. ఎందుకో రాయడం నా బాధ్యత.

నాలుగేళ్ల కిందట, పట్టపగలు, నా భార్యకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు మా వీధిలో ఇరవై రెండు నిమిషాలు ఇరుక్కుపోయింది. ఒకవైపు సరుకు దించుతున్న లారీ, రెండోవైపు రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన షాపు మెట్లు. ఆ షాపు నా తమ్ముడిది, హార్డ్‌వేర్ షాపు. ఆమె ఆసుపత్రికి చేరలేదు. వీధిని వెడల్పు చేయాలన్న అర్జీని ఆ నెలలోనే నేను టైపు చేశాను. అది అమలైతే ముప్ఫై ఒక్క షాపుల ముందుభాగాలు కూలతాయని తెలిసే చేశాను. ఆనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. వీధి కూడా మాలాగే రెండుగా చీలింది. సభ పెడితే కుర్చీలు లేచేవి.

కిందటేడు జనవరిలో కండక్టరమ్మ నా దగ్గరకు వచ్చింది. ముప్ఫై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. మరో ఐదుగురితో కలిసి సంఘం పెట్టింది. నెలకో ఆదివారం ఉదయం అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి మేడగది అడిగింది. తమాషా చూడొచ్చని ఇచ్చాను. నిజం దాచడం దేనికి?

ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ఎదుటివాడికి జవాబు చెప్పాలంటే, ముందు అతనన్నదేమిటో మనం చెప్పాలి. "అదే, నేనన్నది అదే" అని అతను ఒప్పుకున్నాకే మన వంతు. మొదటి సమావేశంలో ఆ నియమం పది నిమిషాలు కూడా నిలవలేదు. ముగ్గురు ఒకేసారి లేచి అరుస్తుంటే ఆమె చేతిసంచిలోంచి పాత విజిల్ తీసి ఊదింది.

"ముందు దిగేవాళ్లని దిగనివ్వండయ్యా, తర్వాత ఎక్కుదురుగాని!" అంది.

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ గదిలో నవ్వు వినపడి మూడేళ్లు దాటింది.

మూడో నెల నలుగురే వచ్చారు. ఆమె ఆ నలుగురితోనే రెండు గంటలూ నడిపింది. మర్నాటి నుంచి షాపు షాపుకూ వెళ్లింది. తలుపు వేసుకున్నవాళ్ల దగ్గరికి రెండోసారి, తిట్టినవాళ్ల దగ్గరికి మూడోసారి వెళ్లింది. కోర్టులో ఎందరో పెద్దవాళ్లను చూశాను గాని, అంత ఓపిక ఎక్కడా చూడలేదు.

ఆరో నెల నా తమ్ముడు వచ్చాడు. నా వైపు చూడకుండా తన గోడు చెప్పుకున్నాడు. వాడు కూర్చోగానే కండక్టరమ్మ నా వైపు తిరిగింది. "టైపిస్టుగారూ, ఆయనేమన్నారో మీరు చెప్పండి."

చెప్పలేకపోయాను. ఒకరు చెబుతుంటే పొల్లు పోకుండా టైపు చేసిన చేతులు ఇవి. తమ్ముడి మాట మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు. అప్పుడు లేచి అన్నాను: "షాపు సగం పోతే మిగిలిన సగంలో ఇనుపరాడ్లు పట్టవంటున్నాడు. పనివాళ్లు ఇద్దర్నీ తీసెయ్యాలంటున్నాడు. ఈ వయసులో ఇంకో పని తనకు రాదంటున్నాడు. అదేనా?"

"అదే. కానీ ఇంకోటుంది అన్నయ్యా," అన్నాడు. "ఆ రోజు అంబులెన్సు వదిన కోసమని తెలిసి గునపం పట్టుకుని దిగాను. మెట్లు పగలగొడదామని. రెండు రాళ్లు ఊడాయి, అంతే. ఈలోగా అంతా అయిపోయింది. ఏ మొహం పెట్టుకుని నీ దగ్గరికి రాను?"

విరిగిన ఆ మెట్టును నేను రోజూ చూసేవాణ్ణి. లారీ తగిలి ఉంటుందనుకున్నాను. అడగలేదు. అడిగి ఉంటే ఒక్క నిమిషం పని.

డిసెంబరులో, రోడ్డు వెడల్పుకు బదులుగా, ఒప్పందం కుదిరింది. షాపులవాళ్లు తమ మెట్లు తామే మురుగుకాలువ గట్టు దాకా కొట్టేసుకున్నారు. సరుకు దించడం ఉదయం తొమ్మిది లోపే. బళ్లు ఒకవైపే వెళ్లాలి. అందరూ ఒప్పుకోలేదు. "మైకు" అని మేమంతా పిలిచే పాల డిపో ఆయన చివరి దాకా ఒప్పుకోలేదు. ఆయన వాదన ఇది: ఇవాళ మెట్లు తీసినవాడు రేపు మళ్లీ కడతాడు, మాటకు కట్టుబడేది ఈ తరమే, రోడ్డు వెడల్పయితే మనిషి మంచితనంతో పనుండదు. అందులో నిజం లేదనను. అయినా కుదిరిన ఒప్పందమే మేలని నా నమ్మకం.

గత నెల మా వీధిలోకి అంబులెన్సు వచ్చింది. తమ్ముడు కౌంటరు వదిలి రోడ్డు మధ్యకు వచ్చి బళ్లను పక్కకు పంపాడు. నేను మేడ మీద నుంచి చూశాను. ఎవరి కోసం వెళ్లిందో తెలియదు. ఆగకుండా వెళ్లింది.

అందుకని ఆ గది మాటామంతీది. ఒకే షరతు: ఒకే పక్షంవాళ్లు కూర్చుని తమను తాము పొగుడుకునే సభలకు దాన్ని ఇవ్వరాదు. "నాన్నా, గది నాకే రాస్తే నేనే వాళ్లకి ఇస్తానుగా?" అని మా అమ్మాయి అడిగింది. ఇస్తావమ్మా. నువ్విస్తే అది నీ దయ. నేను రాస్తే అది వాళ్ల హక్కు.

4. నా తమ్ముడికి నా భార్య రేడియో. క్రికెట్ కామెంటరీ పెట్టుకుని వదినా మరిదీ నన్ను గదిలోంచి తరిమేసేవాళ్లు. బ్యాటరీలు వేసి చూశాను, పనిచేస్తోంది. షాపులో పెట్టుకోవాలి, అటకెక్కించకూడదు.

5. కండక్టరమ్మకు నా చేతుల కుర్చీ. ముప్ఫై ఏళ్లు బస్సులో నిలబడింది, ఏడాది పొడుగునా మా గదిలోనూ నిలబడే ఉంది. ఆమె అందులో కూర్చోవాలి. ముసలివాళ్లకో గర్భిణికో లేచి సీటిస్తే ఈ దానం చెల్లదు.

6. ఈ కాగితంపై వారసుల మధ్య పేచీ వస్తే, కోర్టు మెట్లెక్కే ముందు ఒక ఆదివారం మేడ మెట్లెక్కాలి. కోర్టులో ఏం జరుగుతుందో నాకు తెలుసు. టైపు చేసింది నేనే.

పై అంశాలన్నీ చదువుకుని, సరిచూసుకుని, సాక్షులిద్దరి ఎదుట సంతకం చేశాను.

తేదీ: 2024 మార్చి 11, సోమవారం

(సంతకం)
టైపిస్టు

సాక్షులు:

ఒకటి: (సంతకం) ఎదురింటి మందుల షాపు యజమాని.

రెండు: (సంతకం) పాల డిపో, మైకు. సంతకం కింద ఆయన స్వదస్తూరీతో: "మూడో అంశంలో వీధి గురించి వీరి అభిప్రాయం తప్పు. రోడ్డు వెడల్పు చేయాల్సిందే. అయితే వీరు పూర్తి తెలివిలో ఉండి నా కళ్లముందే సంతకం పెట్టారు. నేనన్నది కూడా నేనన్నట్టే రాశారు."