సమ్మెటతో ఊడదీసిన బోల్టు

జనవరి 9

కారు దొరికింది. లాయరుగారి భార్య ఇంటి వెనక షెడ్డులో, టార్పాలిన్ కింద ఉంది. రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. వయసు నలభై ఏడు, అంటే నాకంటే రెండేళ్ళు చిన్న. పొడవాటి బానెట్టు. డ్రైవరు సీట్లో కోడి గుడ్లు పెట్టి ఉంది. లాయరు పోయి పదేళ్ళయిందట, అప్పట్నుంచీ ఎవరూ తాళం తిప్పలేదట. జేబులోంచి అయస్కాంతం తీసి డోరుకి పెట్టాను. జారి కింద పడింది. తుప్పు తినేసిన రేకు మీద పుట్టీ మెత్తి రంగేశారన్నమాట. పైన పటారం, లోన లొటారం.

బేరం కుదర్చడానికి వచ్చిన బ్రోకరు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నీ అయస్కాంతం పాతదై ఉంటుందిలే అన్నాడు. నన్ను అన్నా ఊరుకుంటాను గానీ నా పనిముట్టును అంటే ఊరుకోను. కాలరు పట్టుకుని వాడి తలకాయ అదే డోరుకి ఆనించి నొక్కాను. ఇప్పుడు అంటుకుందో లేదో చూసి చెప్పమన్నాను. అడిగినదాంట్లో సగానికే బేరం తెగింది.

జనవరి 10

కారును లాక్కొచ్చాం. మా షెడ్డులో పనిచేసేది ముగ్గురం. రేకు పని నాది. వెల్డింగూ రంగూ మా బావమరిదివి. సీట్లు కుట్టేది మా ఆవిడ, అంటే వాడి అక్క. బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు. నేను చేతులు కడుక్కుని వచ్చేలోపే బ్రోకరు తలకాయ సంగతి అక్క చెవిన వేసేశాడు.

ఇంకొక్కసారి ఎవరి మీదైనా చెయ్యెత్తారంటే మా తమ్ముణ్ణి తీసుకుని పుట్టింటికి పోతాను అంది. పుట్టింట్లో ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరు, అదే హాయి అంది.

ఫిబ్రవరి 4

పళ్ళ డాక్టరు భార్యతో వచ్చాడు. కారు ఒంటి మీద చర్మం లేకుండా స్టాండ్ల మీద ఉంది. అయినా చూడగానే పడిపోయాడు. కాలేజీ రోజుల్లో ఇలాంటి కారు వెంట సైకిలేసుకుని ఊరి చివరిదాకా తొక్కాడట. అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చాడు. మనిద్దరిదీ ఒకటే పని కదా మేస్త్రీ, పుచ్చిన చోట గీకి నింపడమే అని నవ్వాడు. నేను నింపనండీ, పుచ్చింది కోసి పారేసి కొత్త రేకు వేస్తాను, నా షెడ్డులో పుట్టీ డబ్బాయే లేదు అని చెప్పాను. మాట కాస్త గట్టిగానే వచ్చింది.

ఆయన భార్య బాగా పొట్టి. ముందు రోడ్డు కనపడాలంటే పక్క సీటు రెండంగుళాలు ఎత్తాలని మా ఆవిడతో గంటసేపు మంతనాలు చేసింది. తోలు రంగు ఇద్దరూ కలిసే ఎంచారు. వెళ్ళేటప్పటికి అక్కా అని పిలవడం కూడా మొదలుపెట్టింది.

ఫిబ్రవరి 19

ఎడమవైపు ముందు చక్రాన్ని చాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ ఒకటుంది. దాని బోల్టు ఊడి రానంటోంది. నూనె పోశాను బావా, రేపటిదాకా నాననిద్దాం, కదలకపోతే కాస్త వేడి చేద్దాం అన్నాడు బావమరిది. మూడు రోజులుగా ఇదే పాట. బోల్టుకన్నా వాడి ఓపికే నాకు ఎక్కువ మంట పుట్టించింది. సమ్మెట అందుకున్నాను. పదకొండు దెబ్బలు. పదకొండో దెబ్బకి బోల్టు ఎగిరి గోడకి తగిలింది. చూశావా, తుప్పుకైనా భయం ఉండాలిరా అన్నాను.

వాడు మెచ్చుకోలేదు. కిందికి వంగి టార్చి వేసి బ్రాకెట్ కేసే చూస్తున్నాడు. బావా ఇక్కడ, అని ఏదో అనబోయాడు. నేను అంత కష్టపడితే వంక పెడతాడా అనిపించింది. నోరు మూసుకుని పని చూసుకోమని స్పానరు విసిరాను. తగలాలని విసరలేదు. తగిలింది. కనుబొమ్మ మీద నాలుగు కుట్లు.

జాక్ జారి తగిలిందని అక్కతో చెప్పాడట. మంచివాడు. వాడి నోట్లో మొదటిసారి నువ్వుగింజ నానింది.

ఫిబ్రవరి 20

ఎవరూ మాట్లాడటం లేదు. పని మాత్రం చకచకా అవుతోంది.

మార్చి 16

రంగు వేయడం పూర్తయింది. బావమరిది చేతికి దండం పెట్టాలి, ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. చాసిస్ కింద కూడా నల్లరంగు దట్టంగా కొట్టాడు. అంత అక్కర్లేదురా, అక్కడ ఎవడు చూస్తాడు అన్నాను. నా మొహం చూడకుండా బకెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

కొత్త రేకంతా నేను కొట్టిందే. డోరు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. ఇంత ప్రేమగా మనిషిని ముట్టుకున్నట్టు గుర్తులేదు.

మార్చి 23

బ్రోకరు మళ్ళీ ఊడిపడ్డాడు. రెట్టింపు ఇచ్చే పార్టీ ఉందట, డాక్టరు అడ్వాన్సు మొహాన కొట్టెయ్యమన్నాడు. మాట ఇచ్చానన్నాను. మాటలు వండుకు తింటావా అన్నాడు. రెండు పీకాను. మూడోది కూడా పీకాను, కింద పడ్డాక. పన్ను ఊడి కాంక్రీటు మీద దొర్లింది. మా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు, తక్కువలో పెడతాడు అన్నాను. నవ్వింది నేనొక్కణ్ణే.

గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. తిట్టలేదు. సీట్లు సగంలో ఉన్నాయి, డాక్టరుగారి భార్యకి మాటిచ్చాను, కారు వెళ్ళిన రోజే మేమూ వెళ్తాం అంది. సాయంత్రందాకా కుట్టుమిషను ఆగలేదు.

వెళ్ళదు. ఇరవై రెండేళ్ళుగా వెళ్తానంటూనే ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం, మధ్యాహ్నం 3:15

కారు వెళ్ళింది. ఒక్క తాళం తిప్పుకే స్టార్టయింది. డాక్టరు కళ్ళల్లో నీళ్ళు. ఆయన భార్య ఎత్తు పెంచిన సీట్లో కూర్చుని, అబ్బ, అంతా కనిపిస్తోంది అక్కా అంది. ముందు క్లినిక్‌లో అందరికీ చూపించి, నాలుగింటికి కొండ రోడ్డు ఎక్కుతామని డాక్టరు నా చెవిలో చెప్పాడు. స్పీడు చూడాలట.

మా ఆవిడ ఇంట్లోకి వెళ్ళి బట్టలు సర్దుతోంది. నిజంగానే సర్దుతోంది.

ఏప్రిల్ 6, సాయంత్రం 7

చెయ్యి వాచింది. అక్షరాలు వంకర పోతున్నాయి.

షెడ్డు ఊడుస్తున్నాం, బావమరిదీ నేనూ. ఈపాటికి కొండ ఎక్కుతుంటారురా అన్నాను. చీపురు వదిలేశాడు. కొండేంటి బావా, ఊళ్ళోనే తిప్పుతానన్నాడు కదా అన్నాడు. తర్వాత గోడకి ఆనుకుని చెప్పాడు. ఆ రోజు సమ్మెట దెబ్బకి బ్రాకెట్ పగిలిందట. వెంట్రుకంత పగులు. మార్చాలని చెప్పబోతేనే స్పానరు వచ్చిందట. తర్వాత చెప్పే ధైర్యం రాలేదట. పైపైన వెల్డింగ్ పెట్టి, అరగదీసి, నల్లరంగు కొట్టాడట. మొదటి సర్వీసుకి వచ్చినప్పుడు నాకు తెలియకుండా మార్చేద్దామనుకున్నాడట.

నా షెడ్డులో. నా చేతి కింద. పుట్టీ పనికన్నా నీచమైన పని.

కొట్టాను. మొదట చేత్తో. తర్వాత చీపురు కర్రతో, అది విరిగాక మళ్ళీ చేత్తో. వాడు ఒక్కసారీ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఫోన్ చెయ్యి బావా, ముందు ఫోన్ చెయ్యి అంటూనే ఉన్నాడు. మాట మార్చి తప్పించుకుంటున్నాడని ఇంకా కోపం వచ్చింది. లేపి, గోడకి కొట్టి, పడితే మళ్ళీ లేపాను. దవడ దగ్గర ఏదో లోపలికి పోయినట్టు నా పిడికిలికే తెలిసింది. ఆ తర్వాత కూడా ఫోన్ అనే అంటున్నాడు, మాట సరిగ్గా రావడం లేదు.

మా ఆవిడ వచ్చి, తోలు బిగించే సుత్తితో నా భుజం మీద కొట్టింది. అప్పుడు ఆగాను. అప్పుడు ఫోన్ చేశాను. మోగింది, ఎవరూ తియ్యలేదు. మళ్ళీ చేశాను.

బైకు మీద వెళ్ళాను. మూడో మలుపులో జనం. చక్రం రోడ్డు మీద, కారేమో కింద లోయ బండల్లో. డాక్టర్ని అప్పటికే తీసుకెళ్ళారు, కుడిచెయ్యి నుజ్జయిందట. ఆయన భార్యను ఇంకా పైకి తేలేదు. ఎవరో దుప్పటి కప్పారు, పొట్టి మనిషి కాబట్టి పూర్తిగా సరిపోయింది.

ఏప్రిల్ 9

మా ఆవిడ ఆస్పత్రి నుంచి తమ్ముడి బట్టల కోసం వచ్చింది. వాడి దవడకి తీగలు కట్టారట, మాట్లాడలేడట. పోలీసులు అడిగితే కాగితం మీద రాసిచ్చాడట. పగులు సంగతి బావకి చెప్పలేదు, యాక్సిడెంటు కబురు తెలిశాకే చెప్పాను, తప్పంతా నాది, నేను మెట్ల మీద పడ్డాను అని. నేను బతికిపోయినట్టే.

మీరు కొడతారని వాడు ఇంకా భయపడుతున్నాడండీ అంది. నోటికి తీగలు కట్టి మంచం మీదున్నా భయమేనట. నా వైపు చూడకుండానే సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ చనిపోయినావిడ ఇంటికి కూడా వెళ్ళాలట.

ఏప్రిల్ 11

స్టేషనుకి వెళ్ళాను. బావమరిది రాసింది అబద్ధమని చెప్పాను. కారు పడింది నాలుగూ ఇరవైకట, మలుపు దగ్గర కెమెరాలో ఉందట. మరి నీకు ఎప్పుడు తెలిసిందయ్యా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. నాలుగూ పదికి అన్నాను. డాక్టరు ఫోన్‌లో నీ కాల్ నాలుగున్నరకి కదా పడింది, ఆ ఇరవై నిమిషాలూ ఏం చేస్తున్నావు అని అడిగాడు.

కొడుతున్నానని చెప్పాను.