పేరు పలకని జంతువు

గురువారం రాత్రి, అల్ మన్సూరా

నోటితో ఎవరికీ చెప్పలేక చివరికి కలం పట్టాను.

ఈ అరబ్బు దేశంలో నేను చూసుకునే అల్బేనియా పెద్దావిడ ఈ సాయంత్రం నా చంక కింద చెయ్యి పెట్టి ఏదో గొణిగారు. అక్కడ గడ్డ ఉందని నాకు, డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఏమంటున్నారు సార్?" అని ఆవిడ ఐర్లాండ్ అల్లుణ్ణి అడిగాను.

"తోడేలు గురించి. వాళ్ళు దాని పేరు పలకరు, బదులుగా 'దేవుడు దాని నోరు మూయాలి' అంటారు. ఇప్పుడు ఆవిడ అన్నదీ అదే. మా ఐరిష్‌లో దాన్ని 'నేల కొడుకు' అంటాం. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తుందని భయమేమో!" అని నవ్వారు.

"మా గోదావరి వైపు కూడా రాత్రిపూట పామును పురుగంటాం సార్," అన్నాను. నాకు నవ్వు రాలేదు. పెద్దావిడ నా పక్కన ఖాళీగా ఉన్న చోటునే చూస్తున్నారు.

ఆదివారం స్కానింగ్. ప్రభువా, దాని నోరు మూయించు. నేను భయపడే ఆ జబ్బు పేరు ఇక్కడ కూడా రాయలేదు. ఈ పేజీలు నీ దగ్గరే దాచు ప్రభూ, ఎవరికీ చూపించకు.