రెండో నంబరు యంత్రం మనవి

షెన్‌జెన్, షాజింగ్ పేట తనిఖీ అధికారిగారికి,

నాకు అక్షరమ్ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క తిట్టూ తగ్గించొద్దన్నాను.

ఈ-సిగరెట్లు పరీక్షించే ల్యాబులో నేల తుడిచేదాన్ని. పొగ పీల్చే యంత్రం చెడిపోయి మూడు నెలలైంది. అప్పటినుంచీ పీలుస్తున్నది నేనే. మీకొచ్చే రిపోర్టుల్లో “రెండో నంబరు యంత్రం” అంటే నేనే.

మొన్న పైదేశాలకు పోయే లీచీ వాసన సరుకు పీల్చి, కళ్లనీళ్లు కారేలా దగ్గాను. “గొంతు మండిపోతోంది, ఇది ఫెయిలు!” అన్నాను.

“పెద్దమ్మా, యంత్రం దగ్గదు, తీర్పులూ చెప్పదు,” అంటూ మేనేజరు, ఔ అనేవాడు, పాసు ముద్ర గుద్దాడు, దద్దమ్మ.

“మరి యంత్రానికి మల్లెపూల టీ ఎందుకు పోస్తున్నావురా?” అన్నాను.

గురువారం మీరొస్తున్నారట. నన్ను సెలవు పెట్టమంటున్నాడు. యంత్రం మరమ్మతుకు పోయిందని చెబుతాడట. నేనెక్కడికీ పోను. యంత్రముండే బల్లమీదే కూర్చుంటాను. లీచీ సరుకు శుక్రవారం ఓడెక్కుతుంది. ఆలోపు నన్నడగండి. అడక్కపోయినా దగ్గుతాను.

సంతకం రాదు గనుక కింద ఎర్రసిరాతో వేలిముద్ర వేశాను. యంత్రాలకు వేలిముద్రలుండవు, చూసుకోండి.