లేని శబ్దానికి తొమ్మిది నొక్కులు

వినికిడి పరిశోధన డాక్టరమ్మగారికి,
నూలుమిల్లులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి నమస్కరించి రాయునది.

మిల్లు పనివాళ్ల చెవుల మీద పరిశోధన అంటే పిలవగానే బస్సెక్కి వచ్చాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వచ్చినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నొక్కాను. నిన్న మీ కాగితం వచ్చింది: "మీ జవాబులు నమ్మదగినవి కావు." ఏమిటండీ ఈ మాట? నన్ను అబద్ధాలకోరు అన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. మా బావమరిది అన్నాడు గానీ, వాడి సంగతి వేరు.

ఇట్లు,
ఒళ్లు మండుతున్న ఫిట్టరు

తా.క.: కాగితం ముందు మా ఆవిడే చదివింది. "నాకు పదేళ్లు పట్టింది, వాళ్లు అరగంటలో కనిపెట్టేశారే!" అని వీధంతా వినపడేలా అంది.

---

ఫిట్టరుగారికి నమస్కారాలు.

కోపం వద్దండీ. మేం ఏ శబ్దమూ పంపనప్పుడు కూడా మీరు తొమ్మిదిసార్లు నొక్కారు. కొందరికి బయట లేని హోరు చెవుల్లో వినిపిస్తుంటుంది. దాని గురించి కరపత్రం జత చేశాను.

మీ మేలు కోరే,
డాక్టరు

---

డాక్టరమ్మా,

మొన్న అబద్ధాలకోరు, ఇవాళ పిచ్చివాడు. రేపేమంటారో! హోరు నా చెవుల్లో లేదు, మీ గదిలో ఉంది. పైన ఫ్యాను బేరింగు అరిగి, ఆగి ఆగి గరగరమంటోంది. అన్నప్పుడల్లా నొక్కాను. శబ్దం వస్తే నొక్కమన్నారు గానీ, ఎవరి శబ్దానికో చెప్పారా? నిచ్చెన వేసి విప్పి చూడండి. బేరింగు బాగుంటే అక్కడే చెవులు కోయించుకుంటాను.

ఇట్లు,
బుర్ర సరిగ్గానే ఉన్న ఫిట్టరు

తా.క.: కరపత్రం మీద తల పట్టుకు కూర్చున్న ముసలాయన అచ్చం నాలాగే ఉన్నాడని మా ఆవిడ గోడకి అంటించింది. దీనికీ మీరే జవాబు చెప్పాలి.

---

ఫిట్టరుగారూ, క్షమించండి.

మేం ఆరుగురం వంతులవారీగా ఆ గదిలో కూర్చున్నాం. ఎవరికీ ఏమీ వినపడలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయినా మనసొప్పక ఫ్యాను విప్పించాను. బేరింగు నిజంగానే అరిగిపోయింది! ఇంకో నెలైతే ఎవరి నెత్తినో పడేదట. మా కుర్రచెవులకు అందనిది మీకెలా అందింది? మీ చెవుల్ని విడిగా పరీక్షించాలి. దయచేసి రండి.

సిగ్గుపడుతూ,
డాక్టరు

తా.క.: కరపత్రం తీసెయ్యమన్నానని మీ ఆవిడగారితో చెప్పండి.

---

డాక్టరమ్మగారికి నమస్కారం.

మీ ఉత్తరం వీధంతా చూపించి రెండు రోజులు ఛాతీ విరుచుకు తిరిగాను. మూడోనాడు మా ఆవిడ కుట్టుమిషను తొక్కుతోంది. బల్ల మీద చెయ్యేసి, "బెల్టు జారుతోంది, వింటున్నావా?" అన్నాను. చెయ్యి తీశాను. మిషను చప్పుడు ఆగిపోయింది. తీరా చూస్తే ఆవిడ తొక్కుతూనే ఉంది. మళ్లీ చెయ్యేస్తే వినపడింది. తీస్తే లేదు.

మీ గదిలో నా మోచేతులు కుర్చీ చేతుల మీద ఉన్నాయండీ. ఫ్యాను అదురు గోడల్లోంచి కుర్చీలోకి దిగింది. ఆ గరగర విన్నది చెవులు కాదు, ఎముకలు. చెవులు ఎప్పుడు జారుకున్నాయో నాకే తెలీలేదు.

కోపం మాత్రం తగ్గలేదు, మీ మీద నుంచి మిల్లు మీదకి మళ్లింది. ముప్పై నాలుగేళ్లలో చెవుల్లో పెట్టుకోమని ఇంత దూది ముక్క ఇచ్చిన పాపాన పోలేదు! అది మీ పుస్తకంలో పెద్దక్షరాలతో రాయండి. సోమవారం వస్తున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు,
ఫిట్టరు

తా.క.: యంత్రాలకైతే చెయ్యేస్తే చాలు. మా ఆవిడ నెమ్మదిగా మాట్లాడితే ఎక్కడ వెయ్యాలి? భుజం మీద వేసి చూశాను. ఏదో అని, తల దించుకుంది. ఏమందో తెలుసుకోవాలి, చెవికి మంచి మిషనే ఇవ్వండి.